ముందు మాట, తరవాతే మోత

(తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో, ఆదివారం సాయంత్రం నివాసితుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినాయన ఇళ్లలో హోమ్ థియేటర్లు బిగించే పని చేస్తారు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు లేకుండా మాట్లాడితే వినపడుతోందా? వినపడుతోంది గానీ అర్థం కావడం లేదా? (నవ్వులు) సరే, మైకు తీసుకుంటా. పెద్దాయన భలే మాట అన్నారు. ఈ పూట నేను చెప్పబోయేది అదే. వినపడటం వేరు, అర్థం కావడం వేరు.

ఈ హాలు చూడండి. కింద నున్నటి టైల్స్, చుట్టూ సిమెంటు గోడలు, పైన స్లాబు, ఆ పక్కంతా అద్దాలు. నా నోట్లోంచి వచ్చిన మాట మీ చెవికి ఒకసారి నేరుగా వస్తుంది. అదే మాట గోడకు కొట్టుకుని, స్లాబుకు కొట్టుకుని, కొంచెం ఆలస్యంగా ఇంకో పదిసార్లు వస్తుంది. మీ ఇళ్లలో హాళ్లు కూడా ఇట్లాగే ఉన్నాయి, కాకపోతే చిన్నవి. ఇంటికి పోయాక హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టి చూడండి. 'టక్' అని ఆగిపోతే బాగున్నట్టు. 'ట్రింగ్' అని తోక సాగితే, మీరు అందులో ఎన్ని లక్షల స్పీకర్లు పెట్టినా ఆ తోక పోదు.

నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఒకటే. "అన్నా, డైలాగు వినపడదు. సౌండు పెంచితే ఫైటు వచ్చేసరికి పిల్లోడు నిద్ర లేస్తాడు. సినిమా అంతా రిమోటు చేతిలో పట్టుకునే చూస్తున్నాం." కొర్లగుంటలోనూ ఇదే, పద్మావతీపురంలోనూ ఇదే. టీవీ కంపెనీ మారుతుంది, బాధ మారదు.

ఎందుకిట్లా అవుతోంది? పాత డబ్బా టీవీకి స్పీకరు ముందువైపు ఉండేది, మన మొహం చూసి మాట్లాడేది. ఇప్పటి టీవీ పలచన అయింది, స్పీకర్లకు చోటు లేక కిందికో వెనక్కో తిప్పేశారు. శబ్దం ముందు గోడతో మాట్లాడి ఆ తరవాత మనతో మాట్లాడుతుంది. అదొకటి. రెండోది, సినిమా శబ్దాన్ని థియేటరు కోసం కలుపుతారు. డెసిబెల్ అంటే సౌండు కొలత. థియేటరు లెక్కలో సౌండు సరిచూసుకునే మట్టం 85 డెసిబెల్స్ అయితే, పెద్ద మోత ఒక్కో చానెల్‌కు, అంటే ఒక్కో దిక్కు స్పీకరుకు విడిగా పోయే శబ్దానికి, 105 దాకా పోవచ్చు. మాటలు దానికి చాలా కిందే ఉంటాయి. బాస్, అంటే గుమ్మనే లోతు శబ్దం, ఆ చానెల్ అయితే 115. మనం ఇంట్లో రాత్రి పదింటికి అంత సౌండుతో చూస్తామా? పదిహేను, ఇరవై డెసిబెల్స్ తగ్గించి చూస్తాం. అప్పుడు మోత మోతగానే ఉంటుంది, హీరోయిన్ గుసగుస మాత్రం ఫ్యాను చప్పుడు కిందికి పోతుంది. మన ఊర్లో ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను ఐదు మీద పెట్టకుండా ఎవరు కూర్చుంటారు చెప్పండి? ఏసీ ఉన్నవాళ్లు కూడా ఫ్యాను వేస్తారు.

మూడోది అందరికన్నా పెద్ద దొంగ. సినిమా శబ్దం 5.1గా వస్తుంది. ముందు ఎడమ, ముందు కుడి, ముందు మధ్య, పక్కల రెండు, ఇవి ఐదు. ఆ పాయింటు ఒకటి అంటే సబ్‌వూఫరుకు, అదే బాస్ మోగించే పెద్ద స్పీకరుకు, పోయే బాస్ చానెల్. మాటల్లో దాదాపు అన్నీ ఆ మధ్య చానెల్‌లోనే ఉంటాయి. మనకు మధ్య స్పీకరే లేకపోతే టీవీ ఏం చేస్తుంది? ఐదింటినీ నలిపి రెండింట్లో కుక్కుతుంది. మాట, పాట, వాన, బాంబు అన్నీ ఒకే సందులోంచి బయటికి రావాలి.

అందుకే నేను ఎవరింటికి పోయినా మొదట అడిగేది, "సెంటర్ స్పీకరు ఎక్కడ పెడతారు?" అని. వాళ్లు మాత్రం "ఎన్ని అంగుళాల టీవీ కొనాలి, ఎన్ని స్పీకర్లు వస్తాయి" అని అడుగుతారు. డబ్బు పరిమితంగా ఉంటే ముందు మూడు మంచి స్పీకర్లు కొనండి, పక్కవి ఆరు నెలల తరవాత కొనుక్కోవచ్చు. ఒకే డబ్బాలో ఐదు చిన్న చిన్న స్పీకర్లు వచ్చే సెట్లు కొన్నవాళ్లను చాలామందిని చూశా. వెనక నుంచి హెలికాప్టరు వస్తుంది, ముందు నుంచి మాట రాదు.

సెంటర్ స్పీకరు కొన్నవాళ్లు కూడా దాన్ని ఎక్కడ పెడతారో తెలుసా? టీవీ యూనిట్ కింది అరలో, లోపలికి తోసి, ముందర అద్దం తలుపు వేసి! (నవ్వులు) ఇంకో ఇంట్లో దాని ముందు బాలాజీ పటం పెట్టారు. స్వామిని తీయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు, స్పీకరునే పైకి మార్చాం. స్పీకరు మొహం అర అంచు దాకా ముందుకు రావాలి, ఒక వేలు మందం బయటికి వచ్చినా తప్పులేదు. అది కింద ఉంటే ముందువైపు రబ్బరు ముక్కలు పెట్టి మీ చెవి వైపు పైకి వాల్చండి. రూపాయి ఖర్చు లేని ఈ పని చేశాక, "ఏం మార్చినావన్నా, కొత్త స్పీకరా?" అని అడిగినవాళ్లున్నారు.

ఎడమ కుడి స్పీకర్ల సంగతి తేలిక. మీరు కూర్చునే చోటు నుంచి చూస్తే మధ్య గీతకు ఇటు ఒక 22 నుంచి 30 డిగ్రీలు, అటు అంతే. సోఫా నుంచి రెండింటికీ దూరం సమానంగా ఉండాలి. పురికొస పట్టుకుని కొలిచినా చాలు.

ఇక టీవీ. మొన్న 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు పైబడిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కదా, అందరూ 65 అంటున్నారు. కొనండి, నాకేం అభ్యంతరం లేదు. 4కె బొమ్మ అయితే దగ్గరగా కూర్చున్నా చుక్కలు కనపడవు. ఎంత దూరంలో కూర్చోవాలో లెక్క కావాలంటే టీవీ అంగుళాలను 1.2తో గుణిస్తే వచ్చినన్ని అంగుళాల దూరం థియేటరులో ముందుకు కూర్చున్నట్టు, 1.6తో గుణిస్తే హాయిగా వెనక కూర్చున్నట్టు. 55 అంగుళాల టీవీకి ఐదున్నర అడుగుల నుంచి ఏడుంపావు అడుగుల దాకా. 65కి ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర పైచిలుకు. మన హాళ్లలో సోఫాకు, టీవీ గోడకు మధ్య పది పన్నెండు అడుగులు ఉంటుంది కాబట్టి పెద్దదే నప్పుతుంది.

కానీ ఎత్తు! దయచేసి ఎత్తు గురించి వినండి. టీవీని దేవుడి పటంలాగా పైన తగిలిస్తున్నారు. కూర్చున్నప్పుడు మీ కన్ను నేల నుంచి సుమారు 40 అంగుళాల ఎత్తులో ఉంటుంది. స్క్రీన్ మధ్య భాగం ఇంచుమించు అక్కడే ఉండాలి. ఇంటీరియర్ వాళ్లు నిలబడి డ్రాయింగు గీస్తారు, మనం కూర్చుని సినిమా చూస్తాం. రెండున్నర గంటలు మెడ ఎత్తి చూస్తే తెల్లారి అమృతాంజనం ఖర్చు వేరే.

షోరూములో చూసిన మెరుపు చూసి మోసపోవద్దు. అక్కడ ట్యూబులైట్ల వెలుగులో కనపడాలని రంగులు గట్టిగా పెడతారు, దాన్నే వివిడ్ మోడ్ అంటారు. ఇంటికి తెచ్చాక సినిమా మోడ్‌కో, ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే దానికో మార్చండి. మొదటి రెండు రోజులు పసుపుగా ఉందనిపిస్తుంది, తరవాత పాతది చూడలేరు. మోషన్ స్మూతింగ్ అని ఒకటుంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ మధ్యలో లేని ఫ్రేములు సొంతంగా తయారు చేసి నింపుతుంది. అందుకే అంత ఖర్చు పెట్టి తీసిన సినిమా సీరియల్‌లాగా కనపడేది. క్రికెట్‌కు ఉంచుకోండి, సినిమాకు ఆపేయండి.

పైన కింద నల్ల పట్టీలు వస్తున్నాయి, టీవీ ఖరాబయిందా అని కూడా అడుగుతారు. కాలేదమ్మా. స్కోప్ సినిమా వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. మీ టీవీ ఎత్తులో ముప్పాతిక భాగం మాత్రమే వాడుకుంటుంది. పట్టీలు పోవాలని జూమ్ చేస్తే పక్కన నిలబడిన హాస్యనటుడు గోడలోకి పోతాడు. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలకు దీనికి తిరుగుడు, పట్టీలు పక్కల వస్తాయి. వాటిని సాగదీసి చూసే ఇళ్లు మన ఊళ్లో లెక్కలేనన్ని. ఆ కాలం నటీమణులందరినీ లావు చేసేసిన పాపం మనదే. (నవ్వులు) ఆ సినిమాల శబ్దం కూడా మోనో, అంటే ఒకటే చానెల్. రిసీవరులో, అంటే స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టెలో, డాల్బీ సరౌండ్ అనే సెట్టింగు పెడితే ఆ మాటంతా సెంటర్ స్పీకరులోంచి ముద్దుగా వస్తుంది. వెనక స్పీకర్లు మోగలేదని కంగారు పడొద్దు, మోగకూడదు.

ఓలెడ్ తీసుకోవాలా, ఎల్ఈడీ తీసుకోవాలా? ఓలెడ్‌లో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతుంది. రాత్రి దీపాలు ఆర్పి చూసేవాళ్లకు దానికి సాటి లేదు, నలుపు నిజంగా నలుపే. పగలంతా బాల్కనీ తలుపు తీసి, పొద్దున్నుంచి ఒకటే న్యూస్ చానెలో భక్తి చానెలో పెట్టే ఇంట్లో మాత్రం నేను ఓలెడ్ చెప్పను. మూలన కదలకుండా ఉండే చానెల్ గుర్తు ఏళ్ల తరబడి అక్కడే వెలుగుతుంటే దాని నీడ పడిపోయే ప్రమాదం ఉంది. ఆ ఇంటికి మినీ ఎల్ఈడీ, అంటే తెర వెనక చిన్న చిన్న దీపాలు చాలా ఉండే ఎల్ఈడీ టీవీ, మేలు.

ఇప్పుడు బాస్. మగపిల్లలు దీనికోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు.

సబ్‌వూఫరు ఎక్కడ పెట్టాలన్నది పుస్తకం చూసి చెప్పలేం. కారణం చెబుతా. గది పొడవు పన్నెండు అడుగులు అనుకోండి. 47 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 47 సార్లు ఊగే, ఒక స్వరం ఆ రెండు గోడల మధ్య సరిగ్గా ఇరుక్కుంటుంది. గోడ దగ్గర కూర్చున్నవాడికి డబ్బా కొట్టినట్టు 'గుంయ్' మంటుంది, గది నడిమధ్య కూర్చున్నవాడికి అదే స్వరం మాయం. పన్నెండుకు పన్నెండు చదరం గది అయితే పొడవులోనూ వెడల్పులోనూ అదే స్వరం, బాధ రెండింతలు. కొన్ని బయటి దేశాల్లో పలచటి జిప్సం గోడలుంటాయి, కొంత బాస్ వాటిలోంచి బయటికి పోతుంది. మనది ఇటుక, కాంక్రీటు. పోనివ్వదు, లోపలే తిప్పుతుంది. అందుకే మన ఇళ్లలో సబ్‌వూఫరు పెద్దది కొనడం కన్నా సరైన చోట పెట్టడం ముఖ్యం.

ఎట్లా పెట్టాలంటే, నవ్వకండి. సబ్‌వూఫరును తీసుకుపోయి మీరు కూర్చునే సోఫాలో కూర్చోబెట్టండి. బాస్ గిటారు నడక బాగా ఉన్న పాటొకటి పదే పదే వచ్చేట్టు పెట్టండి. ఇప్పుడు మీరు నేల మీద మోకాళ్ల మీద పాకుతూ, గోడ వెంబడి, మూలల్లో, టీవీ యూనిట్ పక్కన, చెవి నేలకు దగ్గరగా పెట్టి వింటూ పోండి. ఒకచోట అంతా గుంయ్‌మంటుంది, ఒకచోట ఏమీ ఉండదు. ఒక్కచోట మాత్రం గిటారులో ప్రతి స్వరం ఒకే బలంతో, విడివిడిగా వినపడుతుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీసి సబ్‌వూఫరును అక్కడ దించండి. బైరాగిపట్టెడలో ఒక రిటైర్డ్ లెక్చరరు గారింట్లో ఆయనా నేనూ కలిసి పాకుతుంటే, పాలు పోసే అబ్బాయి వాకిట్లో నిలబడి "సార్, ఏమన్నా పోయిందా?" అన్నాడు. ఆ ఇంట్లో మంచి చోటు మూలలో కాదు, గోడ పొడవులో మూడో వంతు దగ్గర దొరికింది. ఇంకో ఇంట్లో ఇంకోచోట దొరుకుతుంది.

ఇంకొకటి. సబ్‌వూఫరు పెట్టినాక ఏదో 'జ్ర్ర్' మంటుంది, సబ్‌వూఫరు పగిలిందనుకుంటారు. ముందు షోకేసు తలుపు పట్టుకుని చూడండి. లోపల ఎర్రచందనం బొమ్మలు, షీల్డులు, అద్దం అరలు, వాటి మోతే అది. అద్దం అంచుకు సన్నటి ఫెల్టు ముక్క అంటిస్తే ఆగిపోతుంది. క్రాస్ఓవర్, అంటే ఏ స్వరం కింది నుంచి శబ్దాన్ని సబ్‌వూఫరుకు పంపాలో చెప్పే గీత, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. దానికన్నా కింది శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పట్టలేదు, కాబట్టి సబ్‌వూఫరు ఎక్కడున్నా బాస్ టీవీలోంచే వచ్చినట్టు ఉంటుంది.

పక్క స్పీకర్లు మీ చెవులకు సరిగ్గా పక్కనో, కొంచెం వెనకగానో ఉండాలి, చెవికన్నా అడుగో రెండడుగులో ఎత్తులో. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉన్న ఇళ్లలో 7.1, అంటే 5.1కి వెనక ఇంకో రెండు స్పీకర్లు కలిపినది, పెట్టమని అడగొద్దు, వెనక చోటే లేనప్పుడు వెనక స్పీకర్లు దేనికి? సోఫాను గోడ నుంచి ఒక్క అడుగు ముందుకు జరపగలిగితే అదే పెద్ద లాభం.

డాల్బీ అట్మాస్ అనే సౌండు పద్ధతి గురించి ఎట్లాగూ అడుగుతారు. 2012లో థియేటర్లకు వచ్చింది, 2014లో ఇళ్లకు వచ్చింది. తల మీద నుంచి కూడా శబ్దం రావడం దీని గొప్ప. కొన్ని స్పీకర్లు పైకి చూస్తూ శబ్దాన్ని సీలింగుకు కొట్టి కిందికి దించుతాయి. దానికి పైన చదునుగా ఉండాలి. మనమేమో పీఓపీ సీలింగులో మెట్లు మెట్లుగా గూళ్లు, లోపల లైట్లు, మధ్యలో ఫ్యాను పెడతాం. ఆ శబ్దం ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. కొత్త ఇల్లు కడుతున్నవాళ్లు సీలింగు వేయకముందే నాలుగు చోట్ల స్పీకరు వైర్లు లాగి ఉంచుకోండి. ఇప్పుడు వాడకపోయినా వైరు అన్నం అడగదు. టీవీ గోడలో ఒకటిన్నర అంగుళాల పైపు వేయించండి. ముక్కాలు అంగుళం పైపు వేసి, బొమ్మనూ శబ్దాన్నీ మోసే హెచ్‌డీఎంఐ వైరు పిన్ను దూరక మళ్లీ గోడ పగలగొట్టినవాళ్లున్నారు. దూరం ఐదు మీటర్లు దాటితే ఫైబర్ హెచ్‌డీఎంఐ వైరు తీసుకోండి. దానికి ఈ కొస టీవీకి, ఆ కొస రిసీవరుకు అని రాసి ఉంటుంది, తిరగేస్తే బొమ్మ రాదు.

(సభలోంచి ఒకరు: "అన్నా, మాది అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టనివ్వరు. ఏం చేయాలి?")

సౌండ్‌బార్ కొనండి, సిగ్గుపడాల్సిన పనిలేదు. విడిగా సెంటర్ చానెల్ ఉందో లేదో మాత్రం చూసుకోండి. 3.1 అని రాసి ఉన్నది, సెంటర్ లేని 2.1 కన్నా మాటకు మంచిది. డబ్బా మీద వేల వాట్ల పీఎంపీఓ, అంటే ఒక్క క్షణానికి చెప్పుకునే గొప్ప లెక్క, రాసి ఉంటే కళ్లు మూసుకోండి, ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇచ్చే అసలు వాట్లు ఎంతో అడగండి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొంచెం పెరిగినట్టు తెలుస్తుంది, అంతే. బార్ వైరును టీవీకి ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ సందులోనే పెట్టండి, టీవీ శబ్దం బయటికి పోయే సందు అదే. దాని మెరుగైన రకం ఈఏఆర్‌సీ అయితే ఇంకా మంచిది. చాలామంది పక్క సందులో పెట్టి సౌండు రావడం లేదని ఫోన్ చేస్తారు. తరవాత టీవీ సౌండు సెట్టింగులో పీసీఎం తీసేసి ఆటో అనో, పాస్‌త్రూ అనో పెట్టండి. పీసీఎంలోనే ఉంటే చాలా టీవీలు ఐదు చానెళ్లను రెండు చేసి పంపుతాయి. మీరు ఎంత ఖరీదు బార్ కొన్నా మళ్లీ పాత కథే. ఆప్టికల్ వైరు ఉన్నవాళ్లకు మామూలు 5.1 వస్తుంది, అట్మాస్ రాదు.

(ఒక మహిళ: "మా అత్తగారికి వయసైంది. ఎంత పెంచినా మాట తెలియడం లేదంటారు.")

మంచి ప్రశ్న అమ్మా. వయసు పెరిగేకొద్దీ చెవి ముందుగా సన్నటి శబ్దాలను, అంటే కీచుమనే పై స్వరాలను, పోగొట్టుకుంటుంది. స, శ, త, క లాంటి హల్లుల స్పష్టత అక్కడే ఉంటుంది. అందుకే 'వినపడుతోంది, ఏమంటున్నారో తెలియడం లేదు' అంటారు. సౌండు పెంచితే బాస్ కూడా పెరిగి ఇంకా కప్పేస్తుంది. రిసీవరులో సెంటర్ చానెల్ ఒక్కదాన్నే 2, 3 డెసిబెల్స్ పెంచండి, సబ్‌వూఫరు తగ్గించండి, నైట్ మోడ్ పెట్టండి. నైట్ మోడ్ అంటే పెద్ద మోతను దించి, చిన్న మాటను ఎత్తుతుంది. అత్తగారిని టీవీకి దగ్గరగా కూర్చోబెట్టండి, అది అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. హాల్లో మందపాటి కర్టెన్, కింద ఒక మంచి కార్పెట్ వేయండి. మా శ్రీకాళహస్తి కలంకారీ తెరలు వేశాం కదా అంటారు కొందరు. కంటికి ఎంతో బాగుంటాయి, కానీ పలచటి నూలు బట్ట శబ్దాన్ని పెద్దగా పీల్చదు. వాటి వెనక కుచ్చిళ్లు ఎక్కువ పెట్టి ఒక బరువైన బట్ట వేలాడదీస్తే రెండూ దక్కుతాయి.

(ఇంకొకరు: "సబ్‌వూఫరులోంచి ఎప్పుడూ 'మ్‌మ్' అని వస్తోంది, సినిమా లేకపోయినా.")

కేబుల్ టీవీ వైరు ఉందా ఇంట్లో? ఉంది కదా. సెట్‌టాప్ బాక్సు వెనక ఆ గుండ్రటి వైరు ఒక్కటి పీకి చూడండి. మోత ఆగిపోతే, కేబుల్ వైరు ఎర్తింగూ మీ ఇంటి ఎర్తింగూ పొసగక కరెంటు తిరుగుతున్నట్టు. ఆ వైరు మధ్యలో పెట్టే ఐసొలేటర్ దొరుకుతుంది, అది చాలు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, మోత పోతుంది గానీ షాక్ కొట్టే ప్రమాదం వస్తుంది. ఎండాకాలం సాయంత్రం కొండ మీద మబ్బు పట్టి ఉరుములు మొదలైతే స్విచ్చి ఆపడం చాలదు. కరెంటు ప్లగ్గు, కేబుల్ వైరు, ఇంటర్నెట్ వైరు మూడూ పీకండి. పిడుగు కరెంటు తీగలోనే రావాలని లేదు, ఏ తీగ దొరికితే ఆ తీగలో వస్తుంది.

సరే, మాటలు చాలు. కింద నాలుగో ఫ్లాట్ వాళ్లు తమ హాల్లో సబ్‌వూఫరు పెట్టి చూపించమన్నారు. పాకడానికి ఇష్టమున్నవాళ్లు నాతో రండి. తెల్ల ప్యాంటు వేసుకున్నవాళ్లు మాత్రం పక్కన నిలబడి చూడండి.